మూడు పొరల ప్లమ్ కొమ్మ

ఆ రోజు జావ పండగ. ఇంట్లో ఉన్నది నలుగురు. కుడిచేతిని గుడ్డతో మెడకు వేలాడేసుకున్న త్సావ్ తాత, పొయ్యి మీద ఎనిమిది రకాల గింజల జావ కలుపుతున్న నానమ్మ, గిన్నెలు తుడుస్తున్న మనవరాలు పెయ్‌లాన్, నిప్పుల తొట్టిలో నడుం దాకా దిగి కూర్చున్న ఫాంగ్ వైద్యుడు. పెయ్‌లాన్ వాళ్ళమ్మ పొద్దున్నే కాగితాల కర్మాగారానికి వెళ్ళిపోయింది. ఇంకా రావలసినవాడు ఒక్కడే. ఆయన నానమ్మకు సొంత అన్న, యావ్ తాత.

ఫాంగ్ వైద్యుడు వచ్చింది తాత మణికట్టుకు వేసిన కట్టు చూడటానికి. చూసి చాలాసేపయింది. కాని ఆ ఊళ్ళో చలికాలంలో నిప్పుల తొట్టిలో కూర్చున్న మనిషిని లేపడం ఎవరి తరమూ కాదు. కింద చిల్లుల పలక, దాని అడుగున బొగ్గుల వెచ్చదనం, మీద నానమ్మ జావ వాసన, మధ్యలో ఫాంగ్ వైద్యుడు.

"ఇంకా ఎన్నాళ్ళు ఈ కట్టు?" అని తాత అడిగాడు.

"చెట్టెక్కేముందు అడగాల్సిందయ్యా ఆ మాట," అన్నాడు వైద్యుడు.

తాత ఎక్కింది పక్కింటివాళ్ళ ప్లమ్ చెట్టు. మొగ్గ కొమ్మను ఏ వైపు నుంచి పట్టుకుంటుందో దగ్గరగా చూడాలని ఎక్కాడు. పువ్వుల కోసం ఎక్కి పువ్వుల కన్నా ముందే రాలిపోయాడని ఊరంతా నవ్వుకుంది. సిరాతో చెట్లూ పువ్వులూ వేయడంలో ఆ లోయలో తాతను మించినవాడు లేడు. అలాంటి చెయ్యి ఇప్పుడు మెడకు వేలాడుతోంది.

అదృష్టం కొద్దీ, పడకముందే ఒక బొమ్మ పూర్తయింది. అది వెనక గదిలో గోడకు ఉంది. నానమ్మ రోజూ పొద్దున లేవగానే వెళ్ళి, అది ఉందో లేదో చూసుకుని గాని పొయ్యి వెలిగించడం లేదు. ఎందుకంటే ఆ బొమ్మ యావ్ తాత కోసం వేసింది.

యావ్ తాత ఈ ఇంటి గడప తొక్కి ఆరేళ్ళయింది. ఆయన షష్టిపూర్తి రోజున, బంధువులందరి ముందు బావ చేత ప్లమ్ కొమ్మ వేయించుకుందామని ముచ్చటపడ్డాడు. కాగితం తానే కొని తెచ్చాడు. తాత అప్పటికే నాలుగు గిన్నెల సారా పుచ్చుకుని ఉన్నాడు. పచ్చి కాగితమైతే సిరాను దాహంతో తాగుతుంది. యావ్ తాత తెచ్చింది ఉడికిన కాగితం, అంటే పటిక నీళ్ళు పట్టించింది. దాని మీద సిరా తామరాకు మీద నీటిబొట్టులా నిలబడుతుంది. తాత ఆ తేడా చూసుకోకుండా కుంచె నిండా సిరా ముంచి మొదలంతా వేశాడు. వేసి, అందరికీ కనపడాలని కాగితాన్ని పైకెత్తాడు. మొదలు, కొమ్మ, మొగ్గలు అన్నీ కలిసి ధారగా జారి, కింద యావ్ తాత ముందున్న సేమ్యాల గిన్నెలో పడ్డాయి. అవి పుట్టినరోజున దీర్ఘాయుష్షు కోసం తినే సేమ్యాలు.

"నా ఆయుష్షులో మసి పోశావు," అన్నాడు యావ్ తాత.

"పచ్చిదేదో ఉడికిందేదో తెలియనివాడివి కాగితం ఎందుకు కొన్నావు?" అన్నాడు తాత.

అంతే. ఆ తరవాత రాకపోకలు లేవు. నానమ్మ పండగలకి పుట్టింటి వైపు చూసి ముక్కు చీదుకోవడమే మిగిలింది. ఈ శరత్కాలంలో మాత్రం యావ్ తాత దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆనాటి ప్లమ్ కొమ్మ సరిగ్గా వేసి చేతిలో పెడితే జావ పండగకి వస్తాడట. లేదంటే గడప అవతలి నుంచే వెనక్కి తిరుగుతాడట.

తలుపు చప్పుడైంది. నానమ్మ గరిటె వదిలేసి పరుగెత్తింది. వచ్చింది అన్న కాదు. కాగితాల కర్మాగారం మేస్త్రీ దోంగ్. చేతిలో ఉప్పు పట్టించిన బాతు వేలాడుతోంది.

"త్సావ్ అన్నా! పండగ శుభాకాంక్షలు! ఏదీ నా ప్లమ్ కొమ్మ?"

తాత మొహం ఉడికిన కాగితంలా అయిపోయింది. ఏదీ లోపలికి ఇంకడం లేదు.

"నీ... ప్లమ్ కొమ్మా?"

"మరిచిపోయావా? కర్మాగారంలో విందు రోజున నా భుజం మీద చెయ్యేసి ఏమన్నావు? 'దోంగూ, నువ్విచ్చిన ఈ మందపాటి కాగితం మీద వేసే మొదటి బొమ్మ నీదే, జావ రోజున వచ్చి పట్టుకెళ్ళు' అనలేదూ? మా ఆవిడ గోడకి మేకు కూడా కొట్టించింది."

నానమ్మ నవ్వుతూ దోంగ్ చేతిలో బాతు అందుకుంది. అలా నవ్వుతూనే తాత చొక్కా పట్టుకుని వంటింటి మూలకి లాక్కెళ్ళింది.

"ఎన్ని గిన్నెలు తాగారు ఆ రోజు?"

"గుర్తుంటే మాటివ్వను కదటే."

"ఇంకెవరికైనా ఇచ్చారా మాట?"

"ఛ ఛ!" అన్నాడు తాత. అంటూ నిప్పుల తొట్టి వైపు ఒక్క క్షణం చూసి, చూపు తిప్పుకున్నాడు. పెయ్‌లాన్ అది చూసింది. కాని పెద్దవాళ్ళ మధ్య మాట్లాడటం ఆమెకు చేత కాదు. కొత్తవాళ్ళెవరైనా ఇంట్లో ఉంటే ఆమె గొంతు నీళ్ళలో పడ్డ కాగితమే, ఆకారం ఉంటుంది గాని పట్టుకుంటే చిరిగిపోతుంది.

"బొమ్మ ఒక్కటే ఉంది. అది మా అన్నకే. ఆ దోంగుకి ఇంకోటి వేసిస్తానని చెప్పండి," అంది నానమ్మ.

"ఏ చేత్తో వెయ్యను? పోయినేడాది నుంచి నాకు కాగితం ఇస్తున్నది ఎవరనుకున్నావు? వాడికి కోపమొస్తే ఇక నేను అరిటాకుల మీద వేసుకోవాలి."

"మా అన్నకి కోపమొస్తే?"

ఇద్దరూ మింగలేక కక్కలేక నిలబడ్డారు. పెయ్‌లాన్ గిన్నెతో మాట్లాడుతున్నట్టు తల వంచుకుని అంది:

"నానమ్మా, ఆ కాగితం రెండు పొరలది. విడదియ్యొచ్చు."

నానమ్మ తాత వైపు చూసింది. తాత పెయ్‌లాన్ వైపు చూశాడు.

పచ్చి కాగితం మందంగా కావాలంటే, తడిగా ఉన్నప్పుడే రెండు పొరలు ఒకదాని మీద ఒకటి పరిచి అదుముతారు. తాతలా నిండు కుంచెతో వేసే మనిషి సిరా పై పొరలో ఆగదు, కింది పొరకు కూడా దిగుతుంది. మెల్లిగా తడిపి విడదీస్తే బొమ్మ కింద బొమ్మ దొరుకుతుంది. అదీ ఆయన చేతిదే, కాస్త పల్చన. పెయ్‌లాన్ వాళ్ళమ్మ పని తడి కాగితాలను దొంతర నుంచి ఒక్కొక్కటిగా ఊడదీసి, ఆరడానికి వేడిగోడకు అంటించడం. బడి సెలవుల్లో పెయ్‌లాన్ ఆమె పక్కన నిలబడేది. చదువు కన్నా ఆ పనే ఆమె వేళ్ళకు ముందు వచ్చింది.

"చిరిగిందంటే?" అన్నాడు తాత.

"చిరిగితే ఇద్దరికీ చెరో ముక్క," అంది నానమ్మ.

వెనక గదిలో బొమ్మను బల్ల మీద బోర్లా పరిచి, పెయ్‌లాన్ వేడినీళ్ళు చిలకరించింది. మూలను బొటనవేలితో చూపుడువేలితో నలిపింది. నలపగా నలపగా మూల రెండుగా చీలింది. ఊపిరి బిగబట్టి లాగడం మొదలుపెట్టింది. ముందుగదిలోంచి దోంగ్ గొంతు, "ఏంటన్నా, బొమ్మ తేవడానికి చెట్టు దగ్గరికే వెళ్ళారా?" అంటోంది. ఫాంగ్ వైద్యుడు, "చెట్టు మాటెత్తకు, మళ్ళీ ఎక్కుతాడు," అంటున్నాడు.

రెండు పొరలూ విడిపోయాయి. పైది యథాతథంగా ఉంది. కిందిది మంచు పట్టిన పొద్దున కిటికీలోంచి చూసినట్టుంది. చూస్తూ చూస్తూ పెయ్‌లాన్‌కు కిందిదే ఎక్కువ నచ్చింది. నచ్చిందని ఎవరికీ చెప్పలేదు.

తాత పేరు చెక్కిన ఎర్ర ముద్ర మాత్రం కింది పొరకు దిగదు. తాత ఎడంచేత్తో ముద్ర అద్దాడు. తలకిందులుగా పడింది.

"ఇప్పుడేం చెప్పను?"

"కొత్త పద్ధతని చెప్పండి," అంది నానమ్మ.

బొగ్గుల కుంపటి మీద చాచి పట్టుకుని కాస్త ఆరనిచ్చి, ఆ రెండోదాన్ని దోంగ్ చేతిలో పెట్టారు. దోంగ్ బొమ్మ వైపు చూడనే లేదు. మేస్త్రీ కదా, ముందు కాగితం అంచును వేళ్ళ మధ్య రుద్దాడు. మరోసారి రుద్దాడు. తరవాత వెలుగుకెత్తి చూశాడు.

"అన్నా, నేనిచ్చింది దుప్పటి లాంటి కాగితం. ఇది సన్నబడిందేం? నీతో పాటు చెట్టెక్కిందా?"

తాత మెడలోని గుడ్డ సర్దుకున్నాడు.

"పైగా చెమ్మగా ఉంది. ఒలిచారు కదూ? నా కాగితాన్ని నా కళ్ళు గప్పి ఒలిచారు!" దోంగ్‌కు కోపం వచ్చిందో నవ్వు వచ్చిందో అతనికే తెలియలేదు. "పై పొర ఏదీ? నాకు పై పొర కావాలి. తోలు తీసిన బాతును తెచ్చానా నేను?"

అప్పుడు నిప్పుల తొట్టిలోంచి ఫాంగ్ వైద్యుడు గొంతు సవరించుకున్నాడు.

"అయితే పొర మీద పొర ఉందన్నమాట. సంతోషం. నా వాటా కూడా అడుగుదామనే ఇంతసేపూ కూర్చున్నాను."

"మీ వాటా ఏమిటి?" అంది నానమ్మ. అంటూ తాత వైపు తిరిగింది. తాత పైకప్పు దూలాలు లెక్కపెడుతున్నాడు.

"ఎముక సరిచేస్తుంటే నీ మొగుడు ఏమని అరిచాడో అడుగు. 'మెల్లిగా లాగవయ్యా, ప్లమ్ కొమ్మ నీకే ఇస్తా' అన్నాడు. నేను మెల్లిగానే లాగాను."

"నొప్పిలో అన్న మాట కూడా మాటేనా?" అన్నాడు తాత.

"తాగి ఇచ్చింది మాటైతే నొప్పిలో ఇచ్చింది శాసనం. పైగా ఆ కట్టు విప్పాల్సింది నేనే. ఆలోచించుకో."

నానమ్మ గరిటె తీసుకుంది. ఎవరిని కొట్టాలో తెలియక మళ్ళీ జావలో పెట్టింది. "ఒక్క బొమ్మ. ముగ్గురు మనుషులు. మీరు మాటిచ్చి కట్టుకున్న పెళ్ళాన్ని నేనొక్కదాన్నేనా, లేక ఇంకెవరైనా జావ తాగడానికి వస్తున్నారా?"

దోంగ్ ఇంకా తన చేతిలోని కాగితాన్నే రుద్దుతున్నాడు. అతని మొహంలో మెల్లిగా పొగరు పొంగింది.

"ఆగండాగండి. ఇది ఇంకా మందంగానే ఉంది. నేను అన్నకిచ్చింది మూడు పొరలది. నా చేతుల్తో నేనే పరిచాను. ఇందులో ఇంకోటి ఉంది!"

అందరూ పెయ్‌లాన్ వైపు చూశారు. ఆమె చెవులు ముద్ర సిరా రంగుకు తిరిగాయి. ఒక్కతే గదిలో ఒలవడం వేరు, ముగ్గురు మగవాళ్ళు మెడ మీదికి వంగి ఊపిరి వదులుతుండగా ఒలవడం వేరు. "ఇటు లాగు," అంటాడు దోంగ్. "కీలు దగ్గర పట్టు," అంటాడు వైద్యుడు, తొట్టిలోంచే మెడ చాచి. "నా కొమ్మ, నా కొమ్మ," అంటాడు తాత, కాన్పు గది బయట తిరిగే తండ్రిలా. పెయ్‌లాన్ కళ్ళు మూసుకుని లాగింది. కళ్ళు మూసుకుంటే వాళ్ళు కనపడరు, వేళ్ళకు మాత్రం కాగితం తెలుస్తుంది.

మూడోది వచ్చింది. అందరూ తలలు వంచి చూశారు.

మూడో పొర దాకా దిగింది తాత కుంచె బాగా ఒత్తిన చోట్ల సిరా మాత్రమే. మొదలు మీది ముడులు కొన్ని, కొమ్మ మలుపులో రెండు మచ్చలు, అక్కడక్కడ చుక్కలు. పువ్వు ఒక్కటీ లేదు. ఎవరో మసి చేతులతో గోడ పట్టుకుని నడిచినట్టుంది.

"ఇది యావ్‌కి ఇవ్వండి. సేమ్యాల సంగతి గుర్తొస్తుంది," అన్నాడు దోంగ్.

"నోరు ముయ్యి! మొదటిది మా అన్నకే," అని నానమ్మ, దోంగ్ వెనక గదిలోంచి తెప్పించిన పై పొర మీద చెయ్యి వేసింది. దోంగ్ అప్పటికే ఇంకో అంచు పట్టుకున్నాడు. కాగితం తడిగా ఉంది. లాగితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

"వదినా, కర్మాగారంలో అందరికీ చెప్పుకున్నాను. మేకు ఉంది. మేకు మీద ఇప్పుడు మా ఆవిడ చీపురు వేలాడుతోంది. ఆ బాధ నీకు తెలీదు."

నానమ్మ వదిలింది. బొమ్మ చిరగకూడదని వదిలింది గాని దోంగ్ దాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు. యావ్ తాత ఎదురుపడితే బాగుండదని, తడి బొమ్మను ఆరేసిన చొక్కాలా రెండు చేతులా ఎత్తి పట్టుకుని పెరటి దారిన వెళ్ళిపోయాడు.

రెండోది ఈలోగా ఫాంగ్ వైద్యుడి తొట్టి మీదికి చేరింది. వెచ్చగా ఆరుతోంది.

"నాకు పై పొరలతో పని లేదమ్మా. చర్మం కింద ఏముందో చూసే వృత్తి నాది," అన్నాడాయన.

"అయితే మూడోది తీసుకోండి! అందులో వట్టి ఎముకలే ఉన్నాయి!"

"విరిగిన ఎముకలు రోజూ చూస్తాను. ఇంట్లో కూడా ఎందుకు?"

నానమ్మ కళ్ళు తుడుచుకుంది. జావ పొగ అనుకోవడానికి ఆమె పొయ్యి దగ్గర లేదు. ఆరేళ్ళుగా అన్న కోసం ఒక గిన్నె పక్కన పెట్టి ఉంచడం పెయ్‌లాన్‌కు తెలుసు. ఆ గిన్నెలో ఎవరికీ ఏదీ వడ్డించరు. ఇవాళ దాన్ని ప్రత్యేకంగా రెండుసార్లు తుడిపించింది.

తాత ఎడంచేత్తో కుంచె తీసుకుని, పనికిరాని కాగితం మీద ఒక పువ్వు ప్రయత్నించాడు. అది పువ్వు కాలేదు. నలిగిన బొద్దింక అయింది.

అప్పుడే సందు చివర్నుంచి వినిపించింది ఆ గొంతు. ఆరేళ్ళయినా అదే గొంతు.

"ఏమయ్యా త్సావ్! కొమ్మ ఆరిందా, ఇంకా కారుతోందా?"

నానమ్మ ఒక్క ఉదుటున మూడో పొరను, పెయ్‌లాన్‌ను కలిపి పట్టుకుని వెనక గదిలోకి నెట్టింది.

"పువ్వులు పెట్టు."

"నేనా?"

"మరి ఎవరు, బాతు పెడుతుందా?"

"నాకు రాదు నానమ్మా!"

"రాదా? మరి చలికాలమంతా నా పొయ్యిలో కాలుతున్న కొమ్మలెవరివి? చెడిపోయిన కాగితాల వెనక వేసి, ఉండ చుట్టి, కట్టెల బుట్టలో పడేస్తే ముసలిదానికి కనపడదనుకున్నావా? రెండు నెలల నుంచి నీ పువ్వులు వెలిగించే అన్నం వండుతున్నాను."

కట్టెల కొట్టంలో తలుపు చాటున పెయ్‌లాన్ వేసుకున్నవి అవి. అమ్మకు తెలియదు, తాతకు తెలియదు, బడిలో తెలియదు.

తాత నోరు తెరిచాడు. "నా పొయ్యిలో ప్లమ్ కొమ్మలా? నాకు చూపించకుండా?"

"మీరు చెట్టు మీదున్నారు," అంది నానమ్మ.

"అవి నా చుక్కలే! నా చుక్కల మీద ఇది..."

"చుక్కలు మీవి. కొమ్మ దానిది. మా అన్న నాది. వెళ్ళి తలుపు దగ్గర నిలబడండి, పళ్ళు కనపడేలా."

యావ్ తాత గడప దాకా వచ్చి ఆగాడు. పెయ్‌లాన్ గోడ ఇవతల ఒక్కతే నిలబడి సిరా నూరుతూ అంతా వింటోంది.

"లోపలికి రా అన్నయ్యా, చలి."

"ముందు బొమ్మ. తరవాత కాలు."

"ఆరుతోంది. ఇప్పుడు చూడకూడదు. ఆరకముందే ఎత్తి చూపిస్తే ఏమవుతుందో నీకు తెలుసు కదా."

యావ్ తాత ఆలోచించాడు. ఆ సేమ్యాలు ఆయనకు గుర్తుకు వచ్చి ఉండాలి. జావ వాసన కూడా తగిలి ఉండాలి.

"సరే. ఒక కాలు పెడతాను. రెండోది చూశాకే."

నిజంగానే ఒక కాలే పెట్టాడు. గడప మీద ఇటొకటి అటొకటి వేసుకుని, గుర్రం ఎక్కినవాడిలా నిలబడ్డాడు. ఫాంగ్ వైద్యుడు నిప్పుల తొట్టిలోంచి, "అలా ఎక్కువసేపు నిలబడితే తుంటి పట్టేస్తుంది. కట్టు కట్టాలంటే నాకు ఒక బొమ్మ ఇవ్వాల్సి ఉంటుంది," అన్నాడు.

వెనక గదిలో పెయ్‌లాన్ కాగితం ముందు కూర్చుంది. కట్టెల కొట్టంలో అయితే చెడితే పొయ్యి ఉంది. ఇక్కడ చెడితే గడపకు అటో కాలు ఇటో కాలు వేసి నిలబడ్డ మనిషి ఉన్నాడు. ఒక ముడి నుంచి ఇంకో ముడికి కుంచె కలిపింది. పలచబడిన పొర సిరాను ఆత్రంగా తాగింది. గీత అనుకున్నదానికన్నా వెడల్పయింది. ఆపబోయి ఆపలేదు. ఆపితే అక్కడ మచ్చ పడుతుంది, పచ్చి కాగితం సంకోచాన్ని క్షమించదు. కుంచె సాగుతూ సాగుతూ మలుపు దగ్గరికి వచ్చింది. తాత చుక్కలు అక్కడ కిందికి వంగి ఉన్నాయి, మంచు బరువు మోస్తున్న ముసలి కొమ్మలా. ఆమె చెయ్యి మాత్రం పైకి పోయింది. ఎలా పోయిందో తెలియదు. చూసేసరికి కొమ్మ కాగితం పై అంచు దాకా వెళ్ళింది, చివర్న మూడు మొగ్గలు కూడా ఉన్నాయి. చుక్కలు ఒకవైపు, కొమ్మ ఒకవైపు.

పెయ్‌లాన్ కుంచె కింద పెట్టింది. తలుపు సందు చేసి తల బయట పెట్టింది. ముందుగది అంతా కనిపించింది. తాత పళ్ళు కనపడేలా నవ్వుతున్నాడు. యావ్ తాత ఇంకా గడప మీదే ఉన్నాడు, కాని చేతిలో జావ గిన్నె ఉంది. రెండుసార్లు తుడిచిన గిన్నె అది. నానమ్మ ఆయన పక్కన నిలబడి, చిన్నపిల్లలా ఆయన తింటుంటే చూస్తోంది.

"నానమ్మా," అని గుసగుసగా పిలిచింది పెయ్‌లాన్.

నానమ్మ గరిటెతోనే వచ్చింది.

"తాత చుక్కలు ఇటు వెళ్తున్నాయి. నా కొమ్మ అటు వెళ్ళిపోయింది."

"ఎవరది లోపల?" అన్నాడు యావ్ తాత నోటి నిండా జావతో.

"ఎవరూ లేరు అన్నయ్యా, ఎలుక." నానమ్మ పెయ్‌లాన్ వైపు వంగింది. ఆమె భుజం మీదుగా లోపల బల్ల మీదున్న కాగితం కేసి చూసింది. కొంచెం ఎక్కువసేపే చూసింది.

"వెళ్తే వెళ్ళనీ," అని ఆమె మొహం మీదే తలుపు మూసేసింది.